బావ అతికించిన తీగ

జూన్ 3

ఒరేయ్ చిన్నోడా,

ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. చేస్తే ఏమంటావో నాకు తెలుసు. "ఊ", "ఆ", "సరే అక్కా", మధ్యలో టంకం పొగకి దగ్గు. యాభై రెండేళ్ళొచ్చినా ఫోనులో నోరు విప్పని మనిషివి, కాగితం దొరికితే మాత్రం పేజీలు పేజీలు వాగుతావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ఫిడేలుకి వంత పాడే నా డిలే పెట్టె చచ్చిపోయింది. ఆదివారం పొద్దున ఫిడేలు శ్రుతి చేసుకుని స్విచ్చి వేశాను. ఎర్ర అంకెలు ఒక్కసారి మిణుక్కుమని ఆరిపోయాయి. వెనకనుంచి కాలిన వాసన వచ్చింది. మీ బావ పోయినప్పుడు కూడా ఇంత కంగారు పడలేదని పక్కింటావిడ అంది. ఆవిడకేం తెలుసు, అప్పుడు పడ్డ కంగారు బయటికి కనిపించలేదంతే.

నీకు సగమే చెప్పాను. ఎడమ చెవి పోయిందని తెలుసు కదా. కుడిది కూడా అదే దారి పట్టిందట. "ఏడాదిలోపు అనుకోండమ్మా. ముందు సన్నని శబ్దాలు పోతాయి, తరవాత మాటలు" అన్నాడు డాక్టరు, బస్సు వేళలు చెప్పినంత మామూలుగా. ఇది జనవరిలో మాట. అప్పటినుంచి ఇంట్లోనే కూర్చుని నా సొంత బాణీలు టేపు మీద పెడుతున్నాను. మొత్తం ఏడు అనుకున్నాను, ఆరు అయ్యాయి. ఏడోది మీ బావ చనిపోయిన ఏడాది నేను మొదలుపెట్టింది, నాలుగేళ్ళుగా చివర కుదరక అలాగే ఉంది. ఇప్పుడు కుదిరింది. ఆ పెట్టె లేకుండా అది అవదు. సగం నేను వాయిస్తాను, సగం అది వాయిస్తుంది.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. నా పెట్టెకి మాత్రం నువ్వే వైద్యుడివి. రేపు లారీ పార్సిలులో వేస్తున్నాను. చేతిలో ఉన్న పని పక్కన పెట్టు.

మరదల్ని అడిగానని చెప్పు.

నీ అక్క


జూన్ 29

అక్కా,

ఈ చెవి సంగతి జనవరిలో తెలిస్తే జూన్‌లో చెబుతావా? మనింట్లో ఎప్పుడూ ఇంతే. ఇల్లు కాలాక బావి తవ్వుదాం రమ్మంటారు.

సరే, నీ పెట్టె లేచి కూర్చుంది. మూత తీసి బల్లమీద పెట్టుకున్న రోజు మీ మరదలు టీ తెచ్చి, "ఈ ఇనప్పెట్టె ఏం చేస్తుందండీ?" అంది. నువ్వు ఒక మాట అంటే దాన్ని అంకెలు చేసి గుర్తుపెట్టుకుంటుంది, అర సెకను ఆగి అదే మాట మళ్ళీ అంటుంది, కొంచెం మెల్లగా ఇంకోసారి, ఇంకా మెల్లగా ఇంకోసారి, అని చెప్పాను. "అచ్చం మామయ్యగారిలాగా" అంది. నాన్న ఉండుంటే ఆ మాటకి నాలుగుసార్లు నవ్వేవాడు.

ఏం చేశానో రాస్తున్నాను, దాటెయ్యకుండా చదువు. పవర్ సప్లైలో పెద్ద కెపాసిటరు ఉబ్బి పగిలింది. అదొక్కటే మార్చి ఊరుకుంటే మిగతావి ఏడాదిలో పోతాయి, అందుకని పదకొండూ మార్చేశాను. మెమరీ చిప్పు ఒకటి పోతే పాత యంత్రంలోంచి పీకి వేశాను. అంకెలు మళ్ళీ శబ్దం అయ్యేచోట గరగరని ఆపడానికి ఒక ఫిల్టరు ఉంటుంది, జల్లెడ అనుకో. బోర్డు అడుగున ఎవరో ఆ జల్లెడ మీదుగా అడ్డదారి వేశారు. ఒక తీగ ముక్క, దాని కొసన చిన్న కెపాసిటరు, ఆ టంకం చూస్తే కాకి రెట్ట. పీకేసి స్పిరిటుతో తుడిచాను. ఇప్పుడు శబ్దాన్ని గీతగా చూపించే స్కోపులో చూస్తే గీత తిన్నగా, నున్నగా వస్తోంది. ఫ్యాక్టరీలోంచి బయటికొచ్చిన రోజున ఎలా ఉందో అలా ఉంది.

ఇరవై ఏళ్ళు దాటిన సరుకు. ఇంకో ఇరవై ఏళ్ళు నడుస్తుంది, నాదీ పూచీ.

నీ తమ్ముడు


జూలై 14

చిన్నోడా,

పెట్టె చేరింది. పైన ఒక్క గీత కూడా పడలేదు. కెపాసిటర్ల పేరా ఎప్పటిలాగే దాటేసి, మరదలి జోకు మాత్రం రెండుసార్లు చదువుకున్నాను. స్విచ్చి వెయ్యగానే అంకెలు కొత్త పెళ్ళికూతురి కళ్ళలా మెరిశాయి. నీ చెయ్యి మంచిదిరా.

ఇక అసలు సంగతి. వారం రోజుల్లో ఏడోది వాయించేశాను. ఎప్పటిలాగే ఒట్టి ఫిడేలు ఒక ట్రాకులో, పెట్టెలోంచి వచ్చింది ఇంకో ట్రాకులో. తరవాత కూర్చుని విన్నాను.

ఆ పెట్టె తిరిగి అనే ప్రతి స్వరం మీదా సన్నగా ఇసుక రాలేది. పళ్ళెంలోకి గుప్పెడు ఇసుక వదిలితే వస్తుందే, ఆ చప్పుడు. ఒక్కో తిరుగుడుకీ స్వరం తగ్గుతూ ఇసుక మిగులుతూ, చివరికి ఇసుక ఒక్కటే ఉండేది. ఏడోదాని ముగింపంతా దాని మీదే కట్టాను. నేను విల్లు ఎత్తేసి ఆగాలి, అది రాలాలి. ఆగాను. ఏమీ రాలలేదు. స్వరం నున్నగా వచ్చి, నున్నగా వెళ్ళిపోయింది.

డాక్టరు ముందే చెప్పాడు కదా, సన్నని శబ్దాలు ముందు పోతాయని. మర్నాడు ఆయన దగ్గరికి వెళ్ళాను. హెడ్‌ఫోను పెట్టి బీప్ బీప్ అనిపించి, "జనవరిలో ఎలా ఉందో అలాగే ఉందమ్మా" అన్నాడు. ముసలిదాన్ని ఎందుకు బాధపెట్టాలని అనుంటాడు. ఆయన యంత్రం ఎవరు బాగుచేశారో నాకు తెలీదు. నీ చేతిలోంచి వచ్చింది నాకు తెలుసు. పెట్టెలో తప్పుండదు, కాబట్టి చెవిలోనే ఉంది.

పాత ఆరూ మళ్ళీ వేసి చూడలేదు. వాటిలోనూ వినిపించకపోతే ఎలా అని భయం వేసింది. ఆ ఆరింటి కాపీ నీకు పంపుతున్నాను. నేను వినలేకపోయినా నువ్వు వింటావు కదా.

ఫిడేలు పెట్టెలో పెట్టి తాళం వేశాను. సరిగ్గా వినపడనిదాన్ని ఊరికే గీకుతూ కూర్చోవడం నాకు చేతకాదు.

నీ అక్క


జూలై 31

అక్కా,

టేపు అందింది. విన్నాను. బాగుంది.

ఇక్కడ వానలు. వర్కుషాపు పైకప్పు ఒక మూల కారుతోంది. సరిగ్గా నా స్కోపు నెత్తిన. దాన్ని ఇటు జరిపితే బల్ల ఇరుకు, అటు జరిపితే వెలుతురు లేదు. మీ మరదలు గొడుగు కట్టమంటుంది. యాంప్లిఫయర్లు నాలుగు వచ్చి పడ్డాయి. ఒకడు దాంట్లో చీమలు పట్టాయని తెచ్చాడు. మోకాలు నొప్పి కొంచెం నయం.

ఒక చిన్న సంగతి. నీ పెట్టె ఓసారి వెనక్కి పంపుతావా? పెద్దగా ఏమీ లేదు. ఒక స్క్రూ సరిగ్గా బిగించానో లేదో అనుమానంగా ఉంది. పది రోజుల్లో తిప్పి పంపేస్తాను. ఈలోగా ఫిడేలు మూలన పడెయ్యకు. డాక్టరు చెప్పింది నిజమే అయ్యుండొచ్చు కదా.

నీ తమ్ముడు


ఆగస్టు 16

చిన్నోడికి,

స్క్రూలన్నీ తిప్పి చూశాను. బిగుతుగానే ఉన్నాయి.

నువ్వు చిన్నప్పటినుంచీ అబద్ధం ఆడలేవు. ఆడితే వాన గురించీ మోకాలి గురించీ మాట్లాడతావు. నన్ను ఓదార్చడానికి పెట్టెలో లేని తప్పు వెతుకుతున్నావని అర్థమైంది. వద్దురా, పెట్టె పంపను. నీ పనికి లేని వంక పెట్టుకుని నా చెవికి ఉన్న జబ్బుని దాచలేవు.

ఒక్క మాట మాత్రం నొప్పి పుట్టించింది. ఆరు నెలలు కూర్చుని ఆరు పంపితే, "విన్నాను, బాగుంది" అంటావా? పైకప్పు దగ్గర్నుంచి మోకాలి దాకా ఎనిమిది వాక్యాలు రాశావు, లెక్కపెట్టాను. నీకు సంగీతం పట్టదని తెలుసు. అయినా ఇవి చివరివి కదా.

నేను బాగానే ఉన్నాను. పెదాల కదలిక చూసి మాట తెలుసుకోవడం నేర్పే క్లాసులో చేరాను. పక్క కుర్చీలో ఒక రిటైరైన కంసాలి ఉన్నాడు. ఆయనకి బోలెడు మీసం. ఆయన ఏమన్నాడో క్లాసులో ఎవరికీ తెలీదు.

అక్క


సెప్టెంబరు 9

అక్కా,

నీ ఇష్టం. టేపు గురించి అలా రాసి ఉండకూడదు. నిజంగానే బాగుంది. ఎలా చెప్పాలో తెలియక అలా రాశాను.

పని ఎక్కువగా ఉంది. తరవాత వివరంగా రాస్తాను.

తమ్ముడు


నవంబరు 19

ఒరేయ్ చిన్నోడా,

వివరంగా రాస్తానని రెండు నెలలు దాటింది. కోపం పెట్టుకున్నావేమో అనుకుని నేనే రాస్తున్నాను. అప్పుడు కాస్త కటువుగా రాశాను, మనసులో పెట్టుకోకు.

నీకు యంత్రాలు తెలుసు కాబట్టి ఒకటి అడుగుతాను. మీ బావ చేతి గడియారం ఇంకా సొరుగులోనే ఉంది. గంట గంటకీ కీచుమని ఒక్క కూత కూస్తుంది, పిచ్చుకపిల్లలాగా. ఆపడం నాకు రాదు, ఆపాలనీ లేదు. వేసవంతా విన్నాను. వానాకాలమంతా విన్నాను. పదిరోజుల కిందట పొద్దున్నుంచీ అది కూయలేదు. బ్యాటరీ అయిపోయిందని కొత్తది వేయించుకొచ్చాను. షాపువాడు చెవి దగ్గర పెట్టుకుని, "కూస్తోందండీ" అన్నాడు. పెదాలు చూసి తెలుసుకున్నాను. అదే వారంలో గుమ్మం గంట కూడా పోయింది.

ఇలా పోతుందని తెలిసిందే కాబట్టి ఏడవలేదు. కానీ లెక్క కుదరడం లేదు. సన్నని శబ్దాలు ముందు పోతాయి కదా. జూలైలో ఇసుక పోతే, ఈ గడియారం కూత నవంబరు దాకా ఎలా వినపడింది? డాక్టర్ని అడిగితే ఆయన నా మొహం వంక చూసి, "జూలైలో మీ చెవి బాగానే ఉందని చెప్పాను కదమ్మా" అని కాగితం మీద రాసి చూపించాడు.

నీకేమైనా అర్థమవుతోందా?

అక్క


నవంబరు 27

అక్కా,

ఈ ఉత్తరం జూలైలో రాయాల్సింది.

నీ చెవి కాదు. పెట్టె. పెట్టె కూడా కాదు, నేను.

బోర్డు అడుగున ఎవరో తీగ ముక్క అతికించారనీ, పీకేశాననీ రాశాను చూడు. ఎవరో కాదు, బావ. ఆ టంకం చూడగానే గుర్తుపట్టాను. డ్రాయింగు మాస్టారు అయ్యుండి అంత వికారంగా టంకం పెట్టేవాడు ప్రపంచంలో ఇంకొకడు లేడు. బావ ఉన్నప్పుడు ఎదురుగానే నవ్వేవాణ్ణి, ఆయనా నవ్వేవాడు. ఆ రోజు ఒక్కణ్ణే నవ్వుకుని పీకేశాను. ఆ తీగ జల్లెడని దాటించి కొంత గరగరని బయటికి వదిలేది. నువ్వు ఇసుక అన్నది అదే. నా లెక్కలో అది జబ్బు. జబ్బు కుదిర్చాననుకున్నాను. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అది నేనే.

నువ్వు ఇసుక గురించి రాసినప్పుడు కూడా తట్టలేదు. నీ టేపు వేశాక తట్టింది. మొదటిదాంట్లోనే, నువ్వు విల్లు ఎత్తేశాక, రాలింది. టీ గ్లాసు కింద పెట్టేశాను. ఆరూ విన్నాను. అన్నిట్లోనూ ఉంది. మీ మరదలు వచ్చి ఏమైందంది. ఏమీ కాలేదన్నాను.

అప్పుడే రాయాలి. కాగితం తీసి పైకప్పు గురించి రాశాను. నా బల్ల మీదనుంచి వెళ్ళిన యంత్రం ముప్పై ఏళ్ళలో ఒక్కటీ వెనక్కి రాలేదని అందరికీ చెప్పుకుంటాను. గుట్టుగా తెప్పించి, తీగ మళ్ళీ అతికించి, ఏమీ జరగనట్టు పంపేద్దామనుకున్నాను. నువ్వు పంపననేసరికి తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. నీకింకా చెవి ఉందని నాకొక్కడికే తెలుసు. ఎంతకాలం ఉంటుందో తెలీదు. ప్రతి వారం, వచ్చే వారం రాద్దాం అనుకున్నాను. నువ్వు గడియారం సంగతి రాసేదాకా అనుకుంటూనే ఉన్నాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. క్షమించమని అడగడానికి కూడా మొహం లేదు. నీ ఉత్తరం చదివాక మీ మరదలికి అంతా చెప్పాను. రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు.

తమ్ముడు


జనవరి 6

చిన్నోడికి,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. నీ మీద కోపం లేదని రాద్దామని మూడుసార్లు మొదలుపెట్టాను. ఉంది. అందుకని మూడూ చింపేశాను.

జూలై నుంచి నవంబరు దాకా నాకు చెవి ఉంది. ఆ నాలుగు నెలలూ ఫిడేలు పెట్టెలో ఉంది, నేను కుర్చీలో ఉన్నాను. ఎలాగూ పోయేదాన్ని వినడం ఎందుకని కిటికీ కూడా మూసేసుకున్నాను. వీధిలో పిల్లల అరుపులు, ఎదురింటి కుళాయి, అన్నీ వినపడేవే. నేనే వద్దనుకున్నాను. ఇప్పుడు మనుషుల మాటలు గోడ అవతలినుంచి వచ్చినట్టున్నాయి, వేసవికల్లా అవీ ఉండవట. నువ్వు ఒక్క వాక్యం రాసుంటే ఆ నాలుగు నెలలూ నావి అయ్యుండేవి.

తప్పంతా నీ మీదే తోసెయ్యడానికి కూడా లేకుండా పోయింది. నీ జూన్ ఉత్తరం తీసి, దాటేసిన పేరా మొదటిసారి చదివాను. నువ్వు రాసే ఉన్నావు. ఏం తీశావో, ఎక్కడ తీశావో, అంతా. దాటెయ్యకుండా చదవమని కూడా రాశావు. పాత టేపు ఒక్కటి వేసి విన్నా తెలిసిపోయేది, భయపడి వెయ్యలేదు. డాక్టరు చెప్పింది నమ్మినా సరిపోయేది. నా తమ్ముడు తప్పు చెయ్యడన్న పొగరొకటి నాకు.

ఇంకొకటి. ఆ పెట్టె కొన్న ఏడాది మీ బావ ఒక ఆదివారం దాన్ని విప్పాడు. సాయంత్రానికి బిగించి, "దుమ్ము దులిపాను, వాయించి చూడు" అన్నాడు. వాయించాను. బాగుందన్నాను. దుమ్ము వదిలింది కదా అనుకున్నాను. ఆయన ఇంకేమీ చెప్పలేదు. ఇన్నేళ్ళూ అది ఆ పెట్టె గుణం అనుకున్నాను. ఆయన చేతిపని అని నీ ఉత్తరం చూశాకే తెలిసింది. ఆయనకి ఒక్కసారి కూడా బాగా చేశావని చెప్పలేదు. దీనికి ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలీడం లేదు.

ఇక నువ్వు చెయ్యాల్సింది. పెట్టె పంపుతున్నాను. ఏడోదాని టేపు కూడా పంపుతున్నాను. ఒట్టి ఫిడేలు ట్రాకు జూలైలో వాయించింది, అప్పుడు నాకు చెవి బాగానే ఉంది, కాబట్టి వాయింపు బాగానే ఉండి ఉంటుంది. తీగ మళ్ళీ పెట్టు. ఆ ఫిడేలుని పెట్టెలోంచి పంపు. సరిగ్గా వచ్చిందో లేదో నేను చెప్పలేను. నువ్వే చెప్పాలి. స్కోపు చూసి కాదు, చెవితో విని. నీకు నేను వేసే శిక్ష అదే.

కుదిరితే కుదిరిందని రాయి. లేకపోతే లేదని రాయి. నన్ను ఓదార్చడానికి ఒక్క అక్షరం రాసినా ఇక నీకు ఉత్తరం రాయను.

అక్క


ఫిబ్రవరి 22

అక్కా,

కుదరలేదు.

తీగ ఎక్కడ పెట్టాలో తెలిసింది. నేనెంత తుడిచినా బావ కాల్చిన మచ్చలు రెండు బోర్డు మీద పోలేదు, వాటి మీదే అతికించాను. ఆ చిన్న కెపాసిటరు మాత్రం దొరకలేదు. చెత్త డబ్బా జూన్‌లోనే ఖాళీ చేశాను. దాని కొలత ఎంతో రాసుకోలేదు. చెత్త అనుకున్నదాన్ని ఎవరు రాసుకుంటారు. పంతొమ్మిది రకాలు వేసి చూశాను. కొన్నిటితో ఇసుక రాలింది గానీ ముతక ఇసుక, గులకరాళ్ళు దొర్లినట్టుంది. కొన్నిటితో వచ్చీ రానట్టుగా ఉంది. పాత పవర్ సప్లైలోవి, మిగతావి, నేను మార్చిన పదకొండూ కూడా ఆ చప్పుడులో ఉన్నాయేమో. అవన్నీ పాతబడినట్టు నేను కొత్తవాటిని పాతబడేలా చెయ్యలేను. బావ దాన్ని లెక్కవేసి పెట్టలేదు, చెవితో విని పెట్టాడు.

మీ మరదలు మాట్లాడుతోంది. రోజూ మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని నీ ఆరింటిలో ఒకటి, తరవాత నేను చేసింది ఒకటి వేసుకుని విన్నాం. తను చాలాసార్లు, "ఇదే కదండీ, ఇంతకన్నా ఏం కావాలి?" అంది. నాకు తేడా తెలుస్తోంది. జూన్‌లో తెలియనిది ఇప్పుడు తెలుస్తోంది.

ఇవాళ పంతొమ్మిదోది అయిపోయింది. ఒట్టి ఫిడేలు ట్రాకు చివర నువ్వు విల్లు ఎత్తేసి పదకొండు సెకన్లు ఆగావు. ఆ పదకొండు సెకన్లలో రావాల్సింది రాలేదు.

ఇంకో వాక్యం రాసి కొట్టేశాను. అది ఓదార్పు అవుతుంది.

కుదరదని ఇవాళ మధ్యాహ్నం తేలింది. ఈసారి సాయంత్రం తపాలా పోకముందే ఉత్తరం వేస్తున్నాను.

నీ తమ్ముడు